లెఫ్టూ లిబరలూ ఒకటేనా?

2025 ఏప్రిల్ 28న కెనడాలో లిబరల్ పార్టీ గెలిచింది. వారం తిరక్కుండా, మే 3న, ఆస్ట్రేలియాలో లిబరల్ పార్టీ చిత్తుగా ఓడింది. కెనడాలో ఓడిన కన్సర్వేటివ్ నాయకుడు పియెర్ పొయిలీవ్రకు సొంత నియోజకవర్గమే చేజారింది. ఆస్ట్రేలియాలో ఓడిన లిబరల్ నాయకుడు పీటర్ డటన్‌కూ అదే గతి పట్టింది. రెండుచోట్లా ఓడింది కుడిపక్షమే. ట్రంప్ నీడ పడ్డవాళ్లను ఓటర్లు వద్దనుకున్నారనే రెండుచోట్లా విశ్లేషకులు రాశారు. ఒకచోట లిబరల్ గెలుపు, ఇంకోచోట లిబరల్ ఓటమి. వీచింది మాత్రం ఒకే గాలి.

లిబరల్ అంటే లెఫ్టే కదా అనుకునేవాడి ముందు ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెడితే బుర్ర తిరగాలి. అయినా ఆ నమ్మకం మన దగ్గర చెక్కుచెదరలేదు. టీవీ చర్చలో యాంకర్ ఒకాయన్ని పరిచయం చేస్తూ 'లెఫ్ట్-లిబరల్ మేధావి' అంటాడు. ఆ పెద్దమనిషి పన్నులు తగ్గించమని, ప్రభుత్వ బ్యాంకులు అమ్మేయమని ఏళ్ల తరబడి రాస్తున్నవాడే కావచ్చు. కార్టూనిస్టును అరెస్టు చేయడం తప్పని ఒక్క మాట అన్నాడంటే చాలు, ఆ బిళ్ల మెడలో పడిపోతుంది. ఇక వాట్సాప్ సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ లెఫ్టిస్టు, లిబరల్, ప్రోగ్రెసివ్, సోషలిస్టు, సెక్యులర్ అన్నీ ఒకే తిట్టుకు అయిదు స్పెల్లింగులు.

కాస్త చదువుకున్నవాళ్లు ఇదే మాటను మర్యాదగా చెబుతారు: "పేర్ల తేడాలు పండితులకు. వాస్తవంలో అందరూ ఒకే తానులో గుడ్డలు. ఒకే పిటిషన్ మీద సంతకాలు పెడతారు, ఒకే ధర్నాచౌక్‌లో కూర్చుంటారు." నా వాదన ఈ మర్యాదస్తుల మీదే. తిట్టేవాడికి జవాబక్కర్లేదు. పేర్ల తేడాలు నిరర్థకమని నమ్మి చెప్పేవాడికి మాత్రం చెప్పాలి.

ముందు ఒక ఆశ్చర్యం. రాజకీయ పేర్లలో వెంట్రుకవాసి తేడాలు పట్టడంలో తెలుగువాళ్లను మించినవాళ్లు దేశంలో తక్కువ. 1943లో తెనాలిలో పుట్టిన అరసానికీ 1970లో పుట్టిన విరసానికీ తేడా ఏమిటని అడిగితే ఒక మోస్తరు సాహిత్య పాఠకుడు కూడా అరగంట మాట్లాడగలడు. సీపీఐ, సీపీఎం, ఎంఎల్, ఆ ఎంఎల్‌లో మళ్లీ ఏ గ్రూపు అన్నది ఖమ్మం జిల్లాలో టీకొట్టు దగ్గర తేల్చేస్తారు. 'అభ్యుదయ' కవిని 'విప్లవ' కవి అంటే రెండు వైపుల నుంచీ కోపాలొస్తాయి. ఎడమ వైపు ఇన్ని గదులున్న ఇల్లని తెలిసినవాళ్లం, పక్కింటిని కూడా ఆ ఇంట్లో గదే అంటున్నాం.

కుడి వైపు మన తికమక ఇంకా వినోదం. ఫ్రాన్స్‌లో మెరీన్ లీపెన్ పార్టీ గురించి రాయాల్సి వస్తే మన పత్రికలు 'అతి మితవాద పార్టీ' అని అచ్చేస్తాయి. మితంగా ఉండడంలో అతి చేసే పార్టీ అన్నమాట! గోఖలే నాటి మితవాదులు ఈ వాడుక చూస్తే ఏమనుకునేవారో.

సరే, లెఫ్టూ లిబరలూ అతుక్కుపోయిన ఆ జంటపదం ఎక్కడిది? అమెరికా సరుకు. అక్కడ కూడా పుట్టుకతో ఉన్నది కాదు. 1930ల దాకా అమెరికాలో లిబరల్ అంటే ప్రభుత్వం చేతులు కట్టేయాలనేవాడు కూడా. 1932లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తమది లిబరల్ భావాల పార్టీ కావాలన్నాడు. గెలిచాక ఆ పేరు కిందే ప్రభుత్వ ఉపాధి పనులూ, వృద్ధాప్య పింఛన్లూ, బ్యాంకులపై నియంత్రణలూ తెచ్చాడు. ఓడిన హూవర్‌కు ఒళ్లు మండింది. అసలు లిబరల్‌ని నేనే, అతను దొంగిలించాడంటూ 1934లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. మాట రూజ్‌వెల్ట్‌కు దక్కింది. పాత అర్థంలో లిబరల్స్ అయినవాళ్లు పేరు లేనివాళ్లయ్యారు. 1955లో డీన్ రసెల్ అనే రచయిత, మనం 'లిబర్టేరియన్' అని పిలుచుకుందామని ప్రతిపాదించాడు. తమాషా ఏమిటంటే ఆ మాట కూడా సెకండ్‌హ్యాండ్‌దే. అంతకు వందేళ్ల ముందు న్యూయార్క్‌లో ఆ పేరుతో ఫ్రెంచి పత్రిక నడిపిన జోసెఫ్ దెజాక్ ఆస్తినే రద్దు చేయాలన్న అరాచకవాది. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్థికవేత్త హయక్‌కు ఈ కొత్త పేరు నచ్చలేదు, కన్సర్వేటివ్ అంటే అసలే నచ్చలేదు. తానెందుకు కన్సర్వేటివ్‌ను కాదో 1960లో ఒక వ్యాసమే రాసి, పాత ఇంగ్లిష్ విగ్ పక్షం మనిషినని చెప్పుకున్నాడు. అంత పెద్ద ఆర్థికవేత్త తనకు సరిపడే పేరు కోసం రెండు శతాబ్దాలు వెనక్కి నడవాల్సొచ్చింది.

రూజ్‌వెల్ట్ తెచ్చిన అర్థం కూడా నిలవలేదు. 1988 ఎన్నికల్లో పెద్ద బుష్ తన ప్రత్యర్థి డుకాకిస్‌ను లిబరల్ లిబరల్ అని పదే పదే అని, ఆ మాటను తిట్టుగా మార్చేశాడు. ఆ దెబ్బకు డెమొక్రాట్లు చాలామంది ఆ చొక్కా విప్పి 'ప్రోగ్రెసివ్' తొడుక్కున్నారు. ఇది కుడి వైపు కథ. ఎడమ వైపు నుంచి చూస్తే అమెరికా లెఫ్ట్‌కు లిబరల్ అంటే ఎప్పుడూ పడలేదు. ఫిల్ ఓక్స్ అనే వామపక్ష గాయకుడు 1966లో ఒక పాట కట్టింది లిబరల్స్‌ను వెక్కిరించడానికే. హక్కుల గురించి చక్కగా మాట్లాడి, ఆ హక్కులు తన వీధిలోకి వచ్చేసరికి జారుకునే మనిషి ఆ పాటలో లిబరల్. అంటే జంటపదం పుట్టిన గడ్డ మీద కూడా ఆ జంట కాపురం సజావుగా లేదు.

డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు అక్కడి వార్తలు చూసి, అక్కడి అర్థంలోనే ఆ మాట వాడతారు. అందులో తప్పులేదు, వాళ్ల ఓటు అక్కడిది. ఆ అర్థం ఫోన్లలో, ఫార్వర్డుల్లో గుంటూరుకూ కరీంనగర్‌కూ దిగుమతి అయినప్పుడే చిక్కు. ఎందుకంటే ఇక్కడ ఆ మాటకు సొంత చరిత్ర ఉంది. అందులో తెలుగువాళ్లున్నారు.

చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి విజయనగరంలో 1880లో పుట్టారు. అలహాబాద్ వెళ్లి 'లీడర్' పత్రికకు సంపాదకుడిగా ఉత్తర భారతాన్ని ప్రభావితం చేశారు. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల విషయంలో కాంగ్రెస్‌తో విభేదించి 1918లో బయటికొచ్చినవాళ్లు పెట్టుకున్నది లిబరల్ ఫెడరేషన్. సురేంద్రనాథ్ బెనర్జీ, తేజ్ బహదూర్ సప్రూ, శ్రీనివాస శాస్త్రి, మన చింతామణి అందులో పెద్దలు. ఫెడరేషన్ పుట్టి ఏడాది తిరక్కముందే రౌలట్ బిల్లు వచ్చింది. విచారణ లేకుండా మనిషిని లోపలేసే ఆ బిల్లును శ్రీనివాస శాస్త్రి శాసన మండలిలో నిలబడి ఎదిరించారు. అదే మనుషులు గాంధీ సహాయ నిరాకరణనూ వద్దన్నారు. చింతామణి సంయుక్త ప్రావిన్సుల్లో (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) మంత్రి పదవి తీసుకుని, ఇమడలేక 1923లో వదిలేశారు. చట్టం ద్వారా, సభ ద్వారా, వాదన ద్వారా తప్ప మార్పు రాకూడదన్నది వాళ్ల పట్టుదల. ఆ పట్టుదలలో పిరికితనం ఎంత, సూత్రం ఎంత అన్నది వేరే చర్చ. నా మటుకు నాకు రెండూ కనిపిస్తాయి. కానీ వాళ్లను లెఫ్ట్ అనడానికి ఏ నిఘంటువూ ఒప్పుకోదు. ఆనాటి కమ్యూనిస్టుల దృష్టిలో వాళ్లు దొరల కాళ్ల దగ్గర కూర్చున్న పెద్దమనుషులు.

రెండో పేరు ఇంకా దగ్గరిది. ఆచార్య ఎన్.జి. రంగా. నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆక్స్‌ఫర్డ్ చదువు, జమీందారీలకు వ్యతిరేకంగా రైతుల్ని కూడగట్టిన మనిషి. 1936లో అఖిల భారత కిసాన్ సభను నిలబెట్టినవాళ్లలో ఒకరు. ఇంతవరకూ చదివితే లెఫ్టే అనిపిస్తుంది. కానీ కోస్తాలో రైతు పొలం గట్టు మీద రంగాకూ కమ్యూనిస్టులకూ నడిచిన పోటీ పాతికేళ్లది. 1955 ఆంధ్ర ఎన్నికల్లో ఆయన కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేసింది. అధికారం తమదేననుకున్న కమ్యూనిస్టులు 196 స్థానాల సభలో పదిహేనుకు పడిపోయారు.

నాలుగేళ్లకు ఆయన కాంగ్రెస్‌తోనే తెగతెంపులు చేసుకున్నారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సంయుక్త సహకార సేద్యం తీర్మానం చేసింది. పొలాలన్నీ కలిపి దున్నుతారు. హక్కు రైతుదే, ఫలసాయంలో భూమి లెక్కన వాటా వస్తుంది. తీర్మానం వరకు మెత్తగానే ఉంది. రంగా అడిగిన ప్రశ్న మొరటుది: ఎప్పుడు దున్నాలో, ఏం వేయాలో, ఎవరికి అమ్మాలో తేల్చే అధికారం పోయాక, చేతిలో పట్టా కాగితం ఉంటే ఎంత, లేకపోతే ఎంత? ఆ ఏడాదే రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. 1967 కల్లా 44 లోక్‌సభ స్థానాలతో అది ప్రతిపక్షాల్లోకెల్లా పెద్దదైంది.

మసానీ కూడా 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడని గుర్తుపెట్టుకోండి. ఈ ఇద్దరూ ఎడమ గుమ్మంలోంచి నడిచి బయటికొచ్చినవాళ్లే. లెఫ్ట్‌కూ లిబరల్‌కూ తేడా వాళ్లు పుస్తకాల్లో చదువుకోలేదు. దానికోసం పార్టీలు మారారు, స్నేహాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు మనం తీరిగ్గా కూర్చుని ఆ తేడా లేదంటున్నాం.

"అదంతా పాత చరిత్ర, ఇవాళ్టి మాట చెప్పండి" అంటారు. లిబరల్ అనే మాటకు నా వరకు ఒక్కటే గీటురాయి: నీకు గిట్టనివాడి నోరు ప్రభుత్వం మూయబోయినప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావు? లెఫ్ట్‌కు గీటురాయి వేరు: ఆస్తి ఎవరిది, ఎవరి శ్రమను ఎవరు తింటున్నారు? కన్సర్వేటివ్‌ది ఇంకొకటి: ఉన్నదాన్ని ఎంత త్వరగా మార్చవచ్చు? మూడూ వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి ఇచ్చిన జవాబు రెండోదానికి చెల్లదు. ఒక మనిషి మొదటి గీటురాయికి నిలబడి, రెండోదానికి నిలబడకపోవచ్చు. రెండింటికీ నిలబడేవాళ్లు నిజంగానే ఉన్నారు. లెఫ్ట్-లిబరల్ అనే పేరు చెల్లితే వాళ్లకే చెల్లాలి.

1950 మే 26న సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. ఒకటి రొమేష్ థాపర్ 'క్రాస్ రోడ్స్' గురించి. వామపక్ష పత్రిక, మన కోస్తా, సీమ జిల్లాలు కూడా అప్పుడు భాగమైన మద్రాసు రాష్ట్రం దాన్ని తన పొలిమేరల్లోకి రానివ్వలేదు. రెండోది ఆర్ఎస్ఎస్ వారపత్రిక 'ఆర్గనైజర్' గురించి. ముందే చూపించి అచ్చేయమని ఢిల్లీ అధికారులు ఆంక్ష పెట్టారు. కోర్టు రెండు ఆంక్షల్నీ కొట్టేసింది. ఆ జంట తీర్పుల్ని లెఫ్ట్ అనలేం, రైట్ అనలేం. వాటికి సరిపోయే పేరు లిబరల్ ఒక్కటే. ఆ పేరును లెఫ్ట్‌కు రాసిచ్చేస్తే ఆర్గనైజర్‌ను కాపాడినదాన్ని ఏమని పిలుస్తాం?

ఎమర్జెన్సీ ఇంకా కఠినమైన పరీక్ష. 1975లో సీపీఐ దాన్ని సమర్థించింది. 1978 భటిండా మహాసభలో అది పొరపాటని ఒప్పుకుంది. సీపీఎం మొదటినుంచీ వ్యతిరేకించింది, జైళ్లకు వెళ్లింది. ఒకే లెఫ్ట్‌లో రెండు జవాబులన్నమాట. ఆ రోజుల్లో బొంబాయిలో మసానీ 'ఫ్రీడమ్ ఫస్ట్' అనే చిన్న పత్రిక నడిపేవాడు. సెన్సార్ అధికారి ఒక సంచికలో పలు అంశాలు కొట్టేస్తే, చాలామంది సంపాదకుల్లా ఊరుకోకుండా హైకోర్టుకు వెళ్లాడు. 1976లో, దేశమంతా నోరు కట్టుకున్న వేళ, బొంబాయి హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. మార్కెట్ కావాలన్న మనిషి, ప్రభుత్వ రంగాన్ని ఏళ్ల తరబడి తిట్టిన మనిషి, పత్రికా స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కాడు. ఇవాళ బతికుంటే ఆ ఒక్క కేసుతో మన యాంకర్ ఆయన్ని లెఫ్ట్-లిబరల్ అనేసేవాడు!

తిరగేసి చూద్దాం. 2003లో తస్లీమా నస్రీన్ ఆత్మకథ 'ద్విఖండిత'ను నిషేధించింది ఎవరు? పశ్చిమ బెంగాల్ లెఫ్ట్‌ఫ్రంట్ ప్రభుత్వం. ఆ నిషేధాన్ని 2005లో కలకత్తా హైకోర్టు ఎత్తేసింది. 2007లో అల్లర్లు జరగగానే ఆమెను కోల్‌కతా దాటించారు. అప్పుడు ఆమె పక్షాన మాట్లాడినవాళ్లలో ప్రభుత్వాన్ని ఎదిరించిన వామపక్ష రచయితలూ ఉన్నారు, నిజమే. వాళ్లు ఆ రోజు మాట్లాడింది తమలో ఉన్న లిబరల్ వైపు నుంచి. పార్టీ తన లెఫ్ట్ వైపు నుంచి ఓట్ల లెక్క వేసుకుంది.

ఇక ధర్నాచౌక్ వాదన. ఒకే పిటిషన్ మీద సంతకాలు పెట్టేవాళ్లు ఒకటే కదా అన్నది. దీనికి జవాబు మన నేల మీదే, చాలా బాధతో, దొరికింది. ఎన్‌కౌంటర్లను ప్రశ్నించడంలో ఆంధ్రప్రదేశ్ పౌర హక్కుల సంఘానిది సాటిలేని చరిత్ర, అందుకు ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. 1985లో వరంగల్‌లో డాక్టర్ రామనాథంను చంపేశారు. ఆ సంఘానికి ఏళ్ల తరబడి ప్రధాన కార్యదర్శిగా ఉన్న కె. బాలగోపాల్ 1990ల్లో ఒక ప్రశ్న లేవనెత్తారు: హక్కులు అందరివీ అయితే, విప్లవ పార్టీలు చంపినప్పుడు కూడా మనం నోరు విప్పాలా వద్దా? అవతలి వాదన తేలికైందేమీ కాదు. రాజ్యం హింసనూ, దానికి ఎదురుతిరిగినవాడి హింసనూ ఒకే తక్కెడలో ఎలా తూస్తారన్నారు వాళ్లు. ఏళ్ల వాదన తర్వాత 1998లో బాలగోపాలూ సహచరులూ బయటికొచ్చి మానవ హక్కుల వేదిక ఏర్పాటు చేసుకున్నారు. ఆయన్ని లిబరల్ అని నేననను. ఆయన ఆ పేరు ఎన్నడూ కోరుకున్నవారు కారు, మార్క్స్‌తో ఆయన సంభాషణ చివరిదాకా తెగలేదు. కానీ ఒకే నిజనిర్ధారణకు ఒకే జీపులో వెళ్లిన మనుషుల మధ్య ఆ గీత ఉందనీ, అది సంస్థను చీల్చగలిగినంత లోతైనదనీ ఆ చీలిక చూపించింది. పేర్ల తేడా పండితులకే అనేవాళ్లు ఆ సంవత్సరాల్లో వరంగల్‌లో ఉండి ఉండరు.

పరాయి దేశాల పేర్లు చూసి కూడా కొంత నేర్చుకోవచ్చు. అమెరికాలో బెర్నీ శాండర్స్ తన సోషలిజానికి డెన్మార్క్‌ను ఉదాహరణగా చూపిస్తుంటే, 2015లో డెన్మార్క్ ప్రధాని రస్‌ముసెన్ హార్వర్డ్‌కు వచ్చి, మాది సోషలిస్టు దేశం కాదు, మార్కెట్ దేశమని చెప్పి వెళ్లాడు. అప్పట్లో ఆయన పార్టీ పేరు వెన్‌స్ట్ర. వాళ్ల భాషలో ఎడమ అని అర్థం. అది అక్కడి కుడి-మధ్య పార్టీ. పేరును బట్టి పక్షం తేల్చేవాళ్లు డెన్మార్క్‌లో ఓటు వేయకుండా ఉండడం మంచిది.

మన దేశంలో ఈ కలగలుపు చట్టంలోకీ ఎక్కింది. ప్రతిపక్షం జైల్లో ఉన్న 1976లో 42వ సవరణ రాజ్యాంగ పీఠికలో 'సోషలిస్టు' చేర్చింది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 29ఏ సెక్షన్ వచ్చింది. రాజకీయ పార్టీగా నమోదు కావాలంటే సోషలిజానికీ, సెక్యులరిజానికీ, ప్రజాస్వామ్యానికీ కట్టుబడి ఉంటామని నిబంధనావళిలో రాసుకోవాలి. రంగా, మసానీ మళ్లీ పుట్టి స్వతంత్ర పార్టీ పెట్టాలంటే ముందు సోషలిస్టులమని సంతకం పెట్టాలి! సోషలిజం అంటే ఇక్కడ సంక్షేమ రాజ్యమేనని, ప్రైవేటు రంగానికి అడ్డు కాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అంది. కోర్టు ఉద్దేశం మంచిదే. కానీ అందరికీ సరిపోయేలా సాగదీశాక ఆ మాటలో సోషలిస్టులకు మాత్రం ఏం మిగిలింది? ఇందులో లెఫ్ట్‌కూ నష్టమేనని వాళ్లెందుకు గుర్తించరో నాకర్థం కాదు.

ఇంతా చేసి దీనివల్ల మామూలు మనిషికి ఒరిగేదేమిటి అంటే, సిద్దిపేట జిల్లా వేములఘాట్ వైపు చూడండి. మల్లన్నసాగర్ జలాశయం కోసం ప్రభుత్వం 2013 భూసేకరణ చట్టాన్ని పక్కనబెట్టి జీవో 123 కింద భూములు కొనడానికి దిగినప్పుడు, ఆ ఊరి రైతులు రిలే దీక్షలకు కూర్చున్నారు. చట్టం ప్రకారం రమ్మన్నారు: ప్రభావ అంచనా వేయండి, పరిహారం లెక్క చట్టం చెప్పినట్టు కట్టండి, పునరావాసం రాతపూర్వకంగా చెప్పండి. కమ్యూనిస్టులు అండగా వచ్చారు, హక్కుల సంఘాలు వచ్చాయి. అంతే, ఇది లెఫ్టిస్టుల గొడవ, అభివృద్ధి నిరోధకుల గొడవ అని ముద్ర పడింది. మార్కెట్, ఆస్తి హక్కు అని రోజూ మాట్లాడేవాళ్లు ఆ ముద్ర చూసి అటువైపు తలతిప్పలేదు.

ఆ రైతులు భూములు పంచమనలేదు, జాతీయం చేయమనలేదు. తాత నాటి పట్టా మీద తమ మాటకు విలువ ఉండాలన్నారు. ఆరు దశాబ్దాల కిందట నాగపూర్ తీర్మానం మీద రంగా అడిగింది ఇదే ప్రశ్న. అప్పుడు అడిగినందుకు ఆయన్ని రైటిస్టు అన్నారు, ఇప్పుడు అడిగినందుకు వీళ్లను లెఫ్టిస్టులన్నారు. అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం రెండుసార్లూ ఎవరూ చెప్పలేదు.